చెవి మేస్త్రి ఎంచిన క్యామ్‌షాఫ్ట్

ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవాడు. అసలు పేరుతో కరెంటు బిల్లుకు తప్ప ఇంక దేనికీ పనిలేకుండా పోయింది. జబ్బు చేసిన బండిని షెడ్డు ముందుకి తోసుకొస్తే, మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. బండి తాలూకు మనిషి డాక్టరు ముందు నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టేవాడు. కాసేపటికి మేస్త్రి కళ్ళు తెరిచి, "మూడో సిలిండర్లో వాల్వు సరిగ్గా కూర్చోవట్లేదు" అనో, "దీనికేమీ కాలేదు, నువ్వు ఆయిలు మార్చి ఎన్నాళ్ళైందో అది చెప్పు" అనో అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

ఆ షెడ్డు బస్సు డిపో వెనక సందులో, కలప అడితిని ఆనుకుని ఉండేది. మేస్త్రీ, ఆయన తమ్ముడూ ఇద్దరూ అందులో పని చేసేవారు. అన్న ఇంజన్లు విప్పేవాడు, బిగించేవాడు. తమ్ముడు లేతు మిషను చూసుకుంటూ, సామాను తెప్పిస్తూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఉండేవాడు. మాట తమ్ముడిది, చెవి అన్నది. "మా అన్న రెండు చెవులూ ఇంజన్లకే రాసిచ్చేశాడు. మా వదినకి ఒక్కటీ మిగల్లేదు" అని తమ్ముడు అందర్నీ నవ్వించేవాడు. మేస్త్రి భార్య మాత్రం ఆ మాటకి నవ్వేది కాదు. "నేను చెప్పింది ఆయన ఎప్పుడు విన్నాడు గనక" అని ఊరుకునేది.

మేస్త్రికి దూరాల దాకా పేరు తెచ్చింది క్యామ్‌షాఫ్ట్ పని. ఇంజను పైభాగంలో తిరిగే ఉక్కు కడ్డీ అది. దాని మీద వరసగా గుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు తిరిగొచ్చి నొక్కినప్పుడల్లా వాల్వు తెరుచుకుంటుంది, దాటిపోగానే మూసుకుంటుంది. ఇంజను ఎంత గాలి పీల్చాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది ఆ కడ్డీయే. ఉబ్బుల్ని ఎత్తుగా, బారుగా చేసి ఇంకో కడ్డీ వేస్తే ఇంజను ఎక్కువ పీల్చి, వేగంలో రెచ్చిపోతుంది. కానీ ఆ రెచ్చిపోవడమంతా గిర్రున తిరిగేటప్పుడే. నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి ఊపిరాడదు. నిలబడ్డ చోట దడదడా వణుకుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా దిగడానికి సాయం చేసేది ఇంజను పీల్పే. ఆ పీల్పు సన్నగిల్లితే పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.

అందుకే వేగం కావాలని వచ్చినవాడిని మేస్త్రి ముందు కూర్చోబెట్టి మాట్లాడేవాడు.

"రోజూ ఎక్కడికి వెళ్తావు ఈ బండేసుకుని?"

"ఆఫీసుకండీ. పిల్లని స్కూల్లో దింపి."

"దారిలో ఎక్కడైనా ఎగరాల్సిన పనుందా?"

"లేదండీ."

"అయితే పందెం బళ్ళ క్యామ్ నీకెందుకు? రోజూ తిరిగే బండికి, మనసు అడిగిన దానికంటే ఒక మెట్టు తక్కువది వేయించుకో. సిగ్నల్లో నిలబడ్డప్పుడు నాకు దణ్ణం పెట్టుకుంటావు."

కొందరు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళేవారు. చాలామంది ఆ మాట విని బాగుపడ్డారు.

అటువంటి మనిషికి వినికిడి పోవడం మొదలైంది. ఒక్కసారిగా పోలేదు. ఏళ్ళ తరబడి రేకుల కింద ఇంజన్ల మోత, పక్కనే లేతు కీచు, అవతల అడితిలో రంపం. అన్నీ కలిసి కొంచెం కొంచెంగా కొరుక్కుతిన్నాయి. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. గోడమీది పిచ్చుక నోరు తెరిచి మూయడం కనబడేది గానీ అరుపు వినబడేది కాదు. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు పొగమంచులోంచి వస్తున్నట్టు అయ్యాయి. ఒకరోజు స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని నిలబడితే, వాల్వుల టకటక ఉండాల్సిన చోట ఏమీ లేదు. పిడి మీద చిన్న అదురు తప్ప ఏమీ లేదు. పక్కనున్న తమ్ముడి మొహం చూశాడు. వాడు తల ఆడిస్తున్నాడు. అంటే శబ్దం ఉందన్నమాట. మేస్త్రి కూడా తల ఆడించాడు.

ఆ రోజు నుంచి ఆయన బతుకు దొంగ బతుకైంది. మనుషుల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. అర్థం కాకపోతే "ఊఁ" అనేవాడు, లేదా చిరాకుపడేవాడు. చిరాకు పెద్ద మేస్త్రులకి సహజమే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. భార్య మాటకి జవాబివ్వకపోవడం కొత్తేం కాదు కాబట్టి ఇంట్లోనూ తెలియలేదు. ఫోను మాత్రం ఆయనకి యమగండంగా ఉండేది. పెదాలు కనబడవు కదా. అందుకని "ఆఁ... సరే... ఏం ఫర్వాలేదు... ఉంటా" అనే నాలుగు ముక్కలతో ఏ ఫోనైనా ముగించేసేవాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. వెళ్తే పేరు పోతుంది. చెవి మేస్త్రికి చెవుడు అని ఊరంతా పగలబడి నవ్వుతుంది. దానికంటే చావు నయమనిపించింది ఆయనకి.

ఒక్క శబ్దం మాత్రం ఇంకా మిగిలింది. పెద్ద ఉబ్బుల క్యామ్ వేసిన ఇంజను నిలబడ్డ చోట చేసే దడదడ. అది లావుపాటి శబ్దం. చెవి దాకా వచ్చేది, ఛాతీలో కూడా తగిలేది. ఆ చప్పుడు వింటే ఇంజను ఆయనతో మళ్ళీ మాట్లాడుతున్నట్టుండేది. ఏ సిలిండరు కుంటుతోందో, ఏది సరిగ్గా కొడుతోందో అందులో ఆయనకి తెలిసేది. చిన్న క్యామ్ వేసిన బండి చక్కగా, నున్నగా తిరిగేది. కానీ ఆయనకి అది శవంలా వినబడేది.

అలా, తెలిసో తెలియకో, మేస్త్రి మాట మారింది. "ఒక మెట్టు తక్కువ" అనేవాడు కాస్తా "ఇంకో మెట్టు పైకి వెళ్దాం, తట్టుకుంటుందిలే" అనడం మొదలుపెట్టాడు. పెద్దాయనే అన్నాక కాదనేవాడెవడు? రొట్టెలు పంచే వ్యానుకి వేశాడు. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే కుర్రాడి కారుకి వేశాడు. బట్టల కొట్టులో పనిచేసేవాడి ఆకుపచ్చ కారుకి వేశాడు. రిటైరైన లెక్కల మాస్టారి ముసలి కారుకి కూడా వేశాడు. తమ్ముడు ఒకటి రెండుసార్లు నసిగాడు. ఆ తర్వాత ఊరుకున్నాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. కొండమీది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. కొండ కింది పట్నంలో చిన్న ఇల్లు తీసుకుని ఉండేది. రోజూ పొద్దున్నే మెలికల దారిలో పైకి వెళ్ళి, గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత పడిందో చూసి, పెద్ద తెల్లటి బెలూను చేతులతో పట్టుకుని ఎత్తుగా కట్టిన గట్టు మెట్లెక్కి ఆకాశంలోకి వదిలేది. బెలూను చుక్కై మాయమయ్యేదాకా తలెత్తి చూడటం ఆ పిల్లకి ఇష్టం. తండ్రికి ఫోన్లో ఎన్నోసార్లు చెప్పింది ఆ సంగతి. మేస్త్రి అందులో ఎంత విన్నాడో తెలియదు.

ఆమె కారు పాతబడింది. కొండ ఎక్కేటప్పుడు ఇద్దరు తోటి ఉద్యోగుల్ని ఎక్కించుకుంటే ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోంది. సెలవు పెట్టి, కారు వేసుకుని పుట్టింటికొచ్చింది. మేస్త్రి విప్పి చూశాడు. క్యామ్ ఉబ్బులు అరిగి బల్లపరుపు అయిపోయాయి.

తమ్ముడు బల్లమీద గుడ్డ పరిచి మూడు కొత్త క్యామ్‌షాఫ్టులు వరసగా పెట్టాడు. ఒకటి కంపెనీ ఇచ్చేదాని లాంటిదే. రెండోది దానికంటే ఒక మెట్టు పైది, ఎత్తు ఎక్కడానికి కాస్త బలమిస్తుంది. మూడోది పందేలకి ఆశపడే కుర్రాళ్ళు అడిగే రకం.

"మధ్యది వేద్దాం అన్నా" అన్నాడు తమ్ముడు, అన్న ఎదురుగా నిలబడి. "కొండదారి కదా, తక్కువ వేగంలోనే బాగా లాగాలి. పైగా రోజూ తిరిగే బండి."

మేస్త్రి ఒప్పుకున్నాడు. పొద్దుటంతా కూర్చుని మధ్యది బిగించాడు. చేతులకి ఏ లోటూ రాలేదు, పని పొందిగ్గా చేశాడు. కూతురు సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

తమ్ముడి మొహం విప్పారింది. కూతురు అద్దంలోంచి బొటనవేలు చూపించి నవ్వింది. ఇంజను నున్నగా, గడియారంలా తిరుగుతోంది. మేస్త్రికి మాత్రం ఏమీ వినబడలేదు. స్క్రూడ్రైవరు ఆనించాడు. లేదు. ఇంకోచోట ఆనించాడు. లేదు. అరచెయ్యి ఇంజను మీద వేశాడు. వెచ్చదనం తప్ప ఏమీ తెలియలేదు. అది తన పిల్ల ఎక్కి కొండ దిగాల్సిన బండి. బాగుందో లేదో తనకి తెలియడం లేదు.

"ఆపు" అన్నాడు. "బాలేదు ఇది."

"బాలేకపోవడమేంటి అన్నా? వెన్నలా తిరుగుతుంటే!"

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

తమ్ముడు నోరు మూసుకున్నాడు. కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులో నాన్న మాటకి తిరుగు లేకపోవడమే చూసిందామె. తాళం తీసేసి దిగింది.

మేస్త్రి మధ్యదాన్ని విప్పి తీసేశాడు. సాయంత్రానికి మూడోది బిగించాడు. ఈసారి తాళం తిప్పగానే షెడ్డు రేకులు అదిరాయి. దడ్... దడ్ దడ్... దడ్. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. అన్నీ వినబడుతున్నాయి. నాలుగు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆయనకి కబురు చెప్తున్నట్టున్నాయి. తన కూతురి బండి బాగుంది. ఆ సంగతి తన చెవులతో తాను విన్నాడు.

"ఏంటి నాన్నా, ఇలా వణుకుతోంది?" అంది కూతురు, స్టీరింగు మీద చేతులు చూసుకుంటూ.

ఆమె మొహం ఆయన వైపే ఉంది కాబట్టి అర్థమైంది. "కొత్తది కదమ్మా. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది" అన్నాడు. నిలబడ్డప్పుడు ఆగిపోకుండా ఇంజను తిరుగుడు కాస్త పెంచి సరిచేశాడు. తమ్ముడు లేతు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే కూతురు వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక కూతురు ఫోను చేసింది. తండ్రి అప్పుడే అన్నం తిని లేచాడు. భార్య పెరట్లో బట్టలు తీస్తోంది. ఫోను చెవికి పెట్టుకుంటే దూరంగా గొంతు కదులుతున్నట్టు తెలిసింది. కూతురు గొంతే. ఏదో గబగబా చెప్తోంది. మధ్యలో ఆగింది. ఆగిందంటే జవాబు కోసమే.

"సరే అమ్మా. ఏం ఫర్వాలేదు" అన్నాడు మేస్త్రి.

ఆమె ఇంకేదో అడిగింది.

"ఏం ఫర్వాలేదన్నాగా. జాగ్రత్త. ఉంటా."

ఆ వారంలోనే అయింది. కూతురు పని ముగించుకుని ఒక్కతే కొండ దిగుతోంది. సన్నటి వాన, తెరలు తెరలుగా మంచు. ముందు ఒక లారీ పాకుతోంది, వెనకాల బళ్ళ వరస. కాస్త కదలడం, బ్రేకు తొక్కడం, మళ్ళీ కదలడం, మళ్ళీ తొక్కడం. తొక్కిన ప్రతిసారీ పెడల్ ఇంకాస్త బిగిసింది. ఒక మలుపు దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. పెడల్ మీద రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా దిగలేదు. ముందున్న లారీ వెనకభాగంలో కూలీలు కూర్చుని ఉన్నారు, కాళ్ళు కిందికి వేలాడేసుకుని. చేతి బ్రేకు లాగితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారాయి. ఆమె స్టీరింగు కొండవైపు తిప్పేసింది. కారు రాతిగోడకి గుద్దుకుంది. ఇనుము లోపలికి మడతపడి ఆమె కుడికాలిని పెడళ్ళ మధ్య నలిపేసింది.

లారీలో కూర్చున్నవాళ్ళే దిగొచ్చి తలుపు ఊడబీకి బయటికి తీశారు. పాదం నిలిచింది గానీ చీలమండ నుజ్జైంది. డాక్టర్లు ఇనప పలకలు వేసి కీలుని కదలకుండా కట్టేశారు. నడవచ్చు, కర్ర ఊతంతో. మెట్లెక్కడం మాత్రం కష్టమేనన్నారు.

ఆసుపత్రి గదిలో ఇనప మంచం, కిటికీ, కిటికీ గట్టు మీద నీళ్ళ జగ్గు. తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మేస్త్రి కిటికీ వైపు తిరిగి గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు. కూతురు పైకప్పు చూస్తూ అడిగింది.

"నాన్నా, బ్రేకు బిగుసుకుంటోంది, భయంగా ఉంది, కారు తీసుకుని రమ్మంటావా అని ఫోన్లో అడిగాను కదా. ఎందుకు ఫర్వాలేదన్నావు?"

మేస్త్రి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

"నాన్నా!"

ఆయన వీపు కదల్లేదు. తల్లి నిట్టూర్చింది. "వినిపించుకోడే. తెలుసుగా మీ నాన్న సంగతి."

కూతురు తండ్రి వీపునే చూస్తోంది. ఆ చూపులో ఏదో మారింది. చేత్తో సైగ చేసి తల్లిచేత ఆయన భుజం తట్టించింది. మేస్త్రి వెనక్కి తిరిగి కూతురు మొహం చూసి నవ్వాడు. అప్పుడామె గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాకుండా, పెదాలు మాత్రం కదిపి అడిగింది: నేను మాట్లాడేది వినబడుతోందా నాన్నా?

"ఆఁ, వినబడుతోందమ్మా" అన్నాడు మేస్త్రి.

తల్లి బిత్తరపోయింది. ఆమెకి ఏ మాటా వినబడలేదు. కూతురి వైపు చూసింది, భర్త వైపు చూసింది.

"వినిపించుకోకపోవడం కాదమ్మా" అంది కూతురు. "నాన్నకి వినబడట్లేదు."

ఆ మాట పెదాల మీద చదివాడు మేస్త్రి. చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టబోయి పెట్టలేక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అబద్ధం ఆడలేదు. ఆడటానికి ఏమీ మిగల్లేదు కూడా. మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆయనకి తెలియలేదు. వరండాలో పోతున్న నర్సు పరుగెత్తుకొచ్చింది.

కూతురు ఏడవలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె పెదాలు కనబడకపోయేసరికి, ఏమైనా అంటోందో లేదో తెలియక మేస్త్రి మంచం చుట్టూ తిరిగి అటు వెళ్ళబోయాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

భార్యకి కోపం రావాల్సింది, కానీ ఆమెకి వేరేది వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో బస్సులో ఆయన చెయ్యి పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని అంది: "ఇన్నాళ్ళూ నేనంటే లెక్కలేదనుకున్నానండీ. మనసులో ఎన్ని తిట్టుకున్నానో తెలుసా? ఒక్కమాట చెప్పుంటే ఏం పోయేది? నా దగ్గర కూడా దాచాలా?"



తమ్ముడు షెడ్డులో ఎదురుచూస్తున్నాడు. అన్నని చూడగానే లేతు ఆపాడు. అన్న చెప్పడం మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తెలుసన్నా."

"ఎప్పటినుంచి?"

"ఏడాది పైనే. నువ్వు నా మొహం చూసి తల ఆడిస్తున్నావని కనిపెట్టాను." వాడి గొంతు ఎలా వణికిందో అన్నకి తెలియదు గానీ గడ్డం వణకడం చూశాడు. "చెవి మేస్త్రి పేరు చూసి కదా జనం వచ్చేది. ఆ పేరు పోతే ఈ షెడ్డేముంది? అందుకే నోరు మూసుకున్నాను. ఆ రోజు మధ్యది విప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. పిల్ల కారు అది. ఆపలేదు."

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు తిట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చుని, ఏ దీపమూ వేయకుండా షెడ్డు తలుపు దించి వెళ్ళిపోయారు.

మేస్త్రి చెవులకి వినికిడి మిషన్లు పెట్టించారు. వాటితో శబ్దాలు వచ్చాయి గానీ, అవి ఆయన ఎరిగిన శబ్దాలు కావు. కుర్చీ జరిపితే తలలో ఇనుము గీసినట్టుండేది. భార్య గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. ఒకరోజు ఇంజను దగ్గర నిలబడి విన్నాడు. అంతా ఒకటే రొద. అందులో ఏది ఏదో విడదీసి చెప్పే ఓపిక మిషనుకి లేదు. స్క్రూడ్రైవరుని మళ్ళీ చెవికి ఆనించలేదాయన.

కానీ ఒక పని మాత్రం ఆయన తప్పించుకోదలుచుకోలేదు. తన చెవి కోసం ఎవరెవరి బళ్ళకి పెద్ద క్యామ్ వేశాడో అందరూ గుర్తున్నారు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి, మిషన్లు చూపించి చెప్పేవాడు: "నాకు చెవుడండి. మీ బండికి తప్పు సామాను వేశాను. తీసేసి సరైంది వేస్తాను. బ్రేకు ప్రమాదం ఉంది." ఆ మాటలు చెప్పడం మొదటి గుమ్మంలో ఎంత కష్టమైందో చివరి గుమ్మంలోనూ అంతే కష్టమైంది.

లెక్కల మాస్టారు నవ్వేశాడు. "అదా సంగతి! వణుకు నా ఒంటిదనుకుని మందులు మింగుతున్నానయ్యా" అని తాళం చేతిలో పెట్టాడు. రొట్టెల వ్యాను ఆయన నానా మాటలూ అన్నాడు. పడ్డాడు మేస్త్రి. కావాలంటే మిషన్లు తీసేయొచ్చు గానీ తీయలేదు, ప్రతి మాటా విన్నాడు. ఫోటోల కుర్రాడు మాత్రం ఒప్పుకోలేదు. "ఆ దడదడ కోసమే కదండీ వేయించుకుంది" అన్నాడు. మేస్త్రి బతిమాలాడు, కూతురి కాలి సంగతి చెప్పాడు. ఆ కుర్రాడు ఓపిగ్గా విని, మర్యాదగా తలుపేసుకున్నాడు.

ఇక మిగిలింది ఆకుపచ్చ కారు. దాని సొంతదారు బట్టల కొట్టులో పనిచేసేవాడు. కారు అమ్మేశాడట. "ఎవరో తెలీదండీ. సంత రోజున వచ్చి కొనుక్కెళ్ళాడు. పిల్లల్ని కూడా తెచ్చాడు, వెనక సీట్లో ఎగిరి గంతులేశారు" అన్నాడు. అన్నదమ్ములు పాత బళ్ళు అమ్మే బజారంతా తిరిగారు. కాగితాలు మార్చే ఆఫీసులో అడిగితే, కొన్నవాడు ఇంకా తన పేర మార్పించుకోలేదన్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో మెకానిక్కులకి చెప్పి ఉంచారు. ఆ కారు ఎక్కడా దొరకలేదు.

షెడ్డు ఇప్పుడు తమ్ముడిదే. లేతు పని, చిన్నా చితకా మరమ్మతులు. మేస్త్రి అక్కడ భాగాలు కడిగి ఇస్తాడు. ఇంజను విషయంలో ఎవరైనా సలహా అడిగితే తమ్ముడి వైపు చూపిస్తాడు. కూతుర్ని కొండ దించేసి పట్నం ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. గాలి లెక్కలు ఇప్పుడు ఆమెకి తెర మీద అంకెలుగా వస్తాయి. బెలూన్లు ఇంకెవరో వదులుతారు. చాలాకాలం తండ్రితో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. క్షమించానని ఎప్పుడూ అనలేదు, ఆయనా అడగలేదు. మాట్లాడేటప్పుడు మాత్రం మొహం తండ్రి వైపు పూర్తిగా తిప్పి, పెదాలు సాగదీసి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ నెమ్మది ఆయనకి తిట్టు కంటే బరువుగా ఉంటుంది.

ఈ మధ్య ఆమె గేర్లు మార్చక్కర్లేని కారు కొనుక్కుంది. పెడళ్ళు ఎడమకాలితో తొక్కేలా మార్పించుకుని మళ్ళీ నడుపుతోంది. ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని ఎక్కించుకుని బజారుకి వెళ్తోంది. రొద భరించలేక మేస్త్రి మిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు. ఎర్ర దీపం దగ్గర ఆగారు. ముందు వరసలో ఒక ఆకుపచ్చ కారు ఉంది. వెనక అద్దంలో రెండు పిల్ల తలలు కదులుతున్నాయి.

మేస్త్రి తలుపు తీసుకుని దిగిపోయాడు. బళ్ళ మధ్య నుంచి గబగబా నడిచి, ఆ కారు కిటికీ మీద దబదబా కొట్టాడు. లోపల నడుపుతున్నావిడ ఉలిక్కిపడింది. ఆయన ఒంగి ముందుభాగం మీద అరచెయ్యి వేశాడు. అదురు లేదు. నున్నగా ఉంది. పక్కకొచ్చి చూశాడు. ఆ కారు కాదు, వేరే రకం.

"క్షమించండమ్మా" అన్నాడు. ఆమె అద్దం ఇంకా పైకి బిగించుకుంది.

దీపం పచ్చబడింది. వెనకాల బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఆకుపచ్చ కారు వెళ్ళిపోయింది. మేస్త్రి రోడ్డు మధ్యలో నిలబడి అది పోయిన వైపే చూస్తున్నాడు. ఎవరో అద్దంలోంచి తల బయటపెట్టి తిట్టారు. కూతురు కారు దిగి, కర్ర ఆనించుకుంటూ, కుంటుతూ ఆయన దాకా వచ్చి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

ఆయన తిరిగి ఆమె మొహం చూశాడు.

"ఎక్కు నాన్నా" అంది. "ఎక్కు. జనం ఆగిపోయారు."